కొండ ఎక్కని నిప్పురవ్వ

పిల్లలూ, పెట్రోలు కారు నడుస్తున్నప్పుడు దాని ఇంజను లోపల ఎన్ని మెరుపులు మెరుస్తాయో మీరు ఎప్పుడైనా లెక్క కట్టారా? ఇది కష్టమైన లెక్క కాదు. ఐదో తరగతి చదివేవారు కూడా చెయ్యవచ్చు.

కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. అంటే నిమిషానికి ఒక కిలోమీటరు. ఆ వేగంలో ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. ఇంజను రెండు చుట్లు తిరిగినప్పుడల్లా ఒక్కొక్క సిలిండరులో ఒక్కసారి నిప్పురవ్వ పుడుతుంది. అంటే కిలోమీటరుకు ఒక్కొక్క సిలిండరులో 1,000 రవ్వలు. ఈ లెక్కన కారు 40,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఒక్కొక్క సిలిండరులో 4 కోట్ల రవ్వలు పుడతాయి!

ఈ 4 కోట్ల రవ్వలనూ పుట్టించేది మన అరచేతిలో ఇమిడిపోయే చిన్న వస్తువు. దాన్నే స్పార్కు ప్లగ్గు అంటారు. పైన ఒక ఇనప టోపీ, దాని కింద తెల్లని పింగాణీ మెడ, ఆ కింద మరలున్న ఇనప ఒళ్ళు, అన్నిటికన్నా కింద ఒక సన్నని లోహపు మొన, ఆ మొనకు ఎదురుగా వంగి నిలబడిన ఒక కొక్కెం - ఇంతే దాని స్వరూపం. మొనకూ కొక్కేనికీ మధ్య కాస్త సందు ఉంటుంది. ఆ సందు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. విద్యుచ్ఛక్తి ఆ సందును ఒక్క గంతులో దాటుతుంది. ఆ గంతే నిప్పురవ్వ. ఆ రవ్వ తగిలి పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది, పిస్టను కిందికి తోసుకుపోతుంది, కారు కదులుతుంది.

విద్యుత్తుతో రవ్వ పుట్టించి ఇంజను నడపటం ఈనాటి ఊహ కాదు. లెన్వార్ అనే ఆయన ఫ్రాన్సులో 1860లోనే గ్యాసుతో నడిచే ఇంజనులో ఈ పని చేశాడు. అయితే ఆ రవ్వను నమ్మకంగా, వేగంగా పుట్టించటం చాలాకాలం చిక్కు సమస్యగానే ఉండిపోయింది. జర్మనీలో రాబర్ట్ బాష్ కర్మాగారంలో పనిచేసే గాట్‌లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు 1902లో ఎక్కువ వోల్టుల మాగ్నెటోనూ, దానికి తగిన స్పార్కు ప్లగ్గునూ తయారుచేశాక గాని కార్లకు ఈ బెడద తీరలేదు.

ఇంత చిన్న వస్తువును గురించి ఇంత కథ ఎందుకంటారా? ఎందుకంటే, ఈ చిన్న వస్తువు మూలంగా మా మేనల్లుడి సంసారం తలకిందులు కావలసి వచ్చింది. అదెలాగో చెబుతాను.

మా మేనల్లుడు శృంగవరపుకోటలో ఉంటాడు. అరకు చూడటానికి వచ్చేవాళ్ళను కారులో ఎక్కించుకుని అనంతగిరి ఘాటు రోడ్డు మీద తీసుకుపోయి, మళ్ళీ దించటం వాడి వృత్తి. వాడు 2024లో వాయిదాల మీద ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. మూడు సిలిండర్ల చిన్న ఇంజను. అయితే దానికి టర్బో ఉంది.

టర్బో అంటే ఏమిటో తెలియకపోతే తరవాతి కథ అర్థం కాదు. ఇంజను విడిచే పొగ వేడిగానూ, వేగంగానూ బయటికి పోతుంది. ఆ పొగను వృథాగా పోనివ్వకుండా, దారిలో ఒక చిన్న రెక్కల చక్రాన్ని పెడితే ఆ చక్రం గిర్రున తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన మరొక చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి, అదిమి, ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువగా వెళితే పెట్రోలు కూడా ఎక్కువ కాల్చవచ్చు. అందుచేత చిన్న ఇంజను పెద్ద ఇంజనంత పని చేస్తుంది. ఈ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతాయంటే నమ్మండి. స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. కాని మామూలు జనం కొనుక్కునే కార్లలో టర్బో కనిపించింది 1962లో, అమెరికాలో. ఆ ఏడు వచ్చిన రెండు టర్బో కార్లలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైరు ఒకటి. అదిమిన గాలికి పెట్రోలు వేళకు ముందే పేలిపోకుండా ఉండాలని దానిలో నీళ్ళూ, మిథనాలూ కలిపిన ద్రవాన్ని వేరే తొట్టిలో పోసి చిమ్మేవారు. అదిమిన గాలితో వ్యవహారం అంత సున్నితమైనది!

మన రోడ్ల మీద లారీల వెనకా, బస్సుల వెనకా “టర్బో” అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. అవి డీజిలు బండ్లు. డీజిలు ఇంజనులో గాలిని అదిమిన వేడికే డీజిలు అంటుకుంటుంది. దానికి స్పార్కు ప్లగ్గు అక్కరలేదు. టర్బో, స్పార్కు ప్లగ్గు రెండూ ఉండేది పెట్రోలు కారులో. చిక్కంతా అక్కడే.

ఇక కథకు వద్దాం. ఆ ఏడు డిసెంబరులో నేను మా అక్కను చూడటానికి శృంగవరపుకోట వెళ్ళాను. చలికాలం అరకు రద్దీ అంతా ఇంతా కాదు. సంవత్సరం పొడుగునా కట్టవలసిన వాయిదాలకు డబ్బు కూడేది ఆ రెండు నెలల్లోనే. అటువంటి సమయంలో మా మేనల్లుడు కారును వీధి అరుగు ముందు నిలిపేసి, తల పట్టుకు కూర్చుని ఉన్నాడు.

“ఏమిరా, ఏం జరిగింది?” అని అడిగాను.

“ఏం చెప్పను మావయ్యా! రోడ్డు చదునుగా ఉన్నంతసేపూ కారు గుర్రంలా పోతుంది. నలుగురిని ఎక్కించుకుని ఘాటు ఎక్కేసరికి దడదడ కుదుపులు. ఎదురుగా పసుపు దీపం టపటప కొట్టుకుంటుంది. నిన్న ఒక కుటుంబాన్ని సగం దారిలో దించి, వేరే బండిలో పంపవలసి వచ్చింది. ఒక దుకాణంలో చూపించాను. ‘టర్బో పోయింది, కొత్తది వెయ్యాలి, డెబ్భై వేలైనా అవుతుంది’ అన్నారు. అంత డబ్బు ఎక్కడ తేను? కారు వచ్చిన ధరకు అమ్మేసి, హైదరాబాదు పోయి ఏదన్నా ఉద్యోగం చూసుకుంటాను,” అన్నాడు వాడు.

వాడి కూతురు గుమ్మంలో నిలబడి ఈ మాటలు వింటున్నది. అది తొమ్మిదో తరగతి. చదువు మధ్యలో బడి మారవలసి వస్తుందని దాని దిగులు. అయినా అది ఏడుస్తూ కూర్చోలేదు. లోపలికి వెళ్ళి ఒక నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“తాతయ్యా, నేను ఆదివారం నాన్నతో ఘాటు మీదికి వెళ్ళాను. ఎప్పుడెప్పుడు కుదుపు వచ్చిందో రాశాను, చూడు,” అన్నది.

నోటుబుక్కులో ఇట్లా ఉంది: చదును రోడ్డు, 80 కిలోమీటర్ల వేగం - కుదుపు లేదు. ఘాటు, నలుగురు మనుషులు, యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే - కుదుపు ఉంది. అదే ఘాటు, అదే మనుషులు, మెల్లిగా తొక్కితే - కుదుపు లేదు. ఘాటు దిగేటప్పుడు - లేదు. నిలబెట్టి ఇంజను నడిపితే - లేదు.

నేను ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పాను. అంత చక్కని పట్టిక నాకు చాలా అరుదుగా కనిపించింది. కుదుపు ఉన్నప్పుడు రాయటం అందరూ చేస్తారు. లేనప్పుడు కూడా రాయాలని తోచటమే గొప్ప.

ఆ సాయంత్రం మేము ముగ్గురం విజయనగరంలో నాకు తెలిసిన ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి కారు తీసుకుని వెళ్ళాం. కొండ లేదు గనక దారిలో ఒక్క కుదుపూ రాలేదు. ఆయన పనిముట్లు ముట్టుకోకుండా ముందు నోటుబుక్కు చదివాడు. రెండు సార్లు చదివాడు. తరవాత కారుకు ఒక చిన్న పరికరం తగిలించి, ఇంజను తన జ్ఞాపకంలో ఏమి దాచుకున్నదో చూశాడు. మూడు సిలిండర్లలోనూ రవ్వ అప్పుడప్పుడు తప్పుతున్నట్టు అందులో ఉంది.

“మాస్టారూ, టర్బో పోలేదు,” అన్నాడాయన.

“విప్పి చూడకుండానే ఎట్లా చెబుతున్నారు?” అని అడిగాను.

“మీ పాప రాసిందే చెబుతున్నది. టర్బో పోతే గాలి తోయదు. గాలి తోయకపోతే కారుకు బలం తగ్గుతుంది. ఏనుగులా ఈడుస్తుంది, అంతే. రవ్వ దూకటానికి మటుకు ఏ అడ్డూ ఉండదు. ఇక్కడ టర్బో గట్టిగా పనిచేసినప్పుడే రవ్వ తప్పుతున్నది. టర్బో పనిచేస్తున్నదని చెప్పటానికి ఈ కుదుపే సాక్ష్యం. ఇకపోతే, ఒక్క సిలిండరులోనే తప్పితే ఆ సిలిండరు కాయిలును అనుమానించాలి. మూడింటిలోనూ తప్పుతున్నది. మూడింటికీ సమానంగా ఉన్న లోపం ఏదో వెతకాలి,” అన్నాడాయన.

పిల్లలూ, ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించండి. గాలి ఎక్కువైతే రవ్వ ఎందుకు తప్పుతుంది?

ఇదే ప్రశ్న మా మనవరాలు కూడా అడిగింది. దానికి ఆ పెద్దాయన చెప్పిన సమాధానం నాకు చాలా నచ్చింది. “అమ్మా, సిరిమానోత్సవం చూశావు గదా? మామూలు రోజున నువ్వు ఆ వీధి ఈ పక్కనుంచి ఆ పక్కకు పరిగెత్తి దాటగలవు. సిరిమాను తిరిగే రోజున దాటగలవా? వీధి అదే, నువ్వూ అదే. కాని జనం కిక్కిరిసి ఉంటారు. ఆ జనంలో పెద్ద వీధి దాటలేవు. చిన్న సందయితే ఎట్లాగో తోసుకుని దాటవచ్చు. రవ్వ సంగతీ అంతే,” అన్నాడు.

సరిగా ఈ విషయాన్నే జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లో ప్రయోగాలు చేసి సూత్రంగా చెప్పాడు. రవ్వ దూకటానికి కావలసిన వోల్టులు రెండింటి మీద ఆధారపడతాయి: గాలి ఒత్తిడి ఒకటి, సందు వెడల్పు రెండోది. ఇంజనులో ఉండే పరిస్థితుల్లో ఒత్తిడి పెరిగితే వోల్టులు పెరగాలి. సందు పెరిగినా వోల్టులు పెరగాలి. టర్బో రెండింతల గాలిని తోస్తే, పిస్టను అదిమిన తరవాత లోపలి ఒత్తిడి కూడా ఇంచుమించు రెండింతలవుతుంది. కారు బాటరీ ఇచ్చేది 12 వోల్టులు. కాయిలు దాన్ని ఇరవై, ముప్ఫై వేల వోల్టులకు పెంచుతుంది. కాని కాయిలు శక్తికీ ఒక హద్దున్నది. ఆ హద్దు దాటి అడిగితే రవ్వ దూకదు. సిలిండరులోని పెట్రోలు కాలకుండా బయటికి పోతుంది. అదే కుదుపు.

మర్నాడు ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయన ప్లగ్గులు విప్పాడు. సందు కొలిచే రేకును మొనకూ కొక్కేనికీ మధ్య పెట్టి చూపాడు. మూడింటిలోనూ సందు 1.1 మిల్లీమీటర్లుంది. కారుతో వచ్చిన పుస్తకంలో ఉండవలసిన సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లని రాసి ఉంది.

“ఇవి టర్బో లేని ఇంజనుకు వేసే ప్లగ్గులు. మర సరిపోతుంది, పొడుగు సరిపోతుంది, చక్కగా బిగుస్తాయి. పాత యజమాని కారు అమ్మే ముందు ఎవరో చవకగా దొరికినవి వేసి ఉంటారు. చదును రోడ్డు మీద తేడా తెలియదు. కొండ ఎక్కితేగాని బండారం బయటపడదు,” అన్నాడాయన.

మా మేనల్లుడికి ప్రాణం లేచి వచ్చింది. “అయితే ఆ కొక్కేన్ని కాస్త వంచి, సందు తగ్గించి ఇవే వెయ్యండి. డబ్బు కలిసి వస్తుంది,” అన్నాడు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. “సందు ఒక్కటే అయితే అట్లాగే చేద్దును. వీటికి ఇంకో దోషం ఉంది. ఇవి వేడి ప్లగ్గులు. నీ ఇంజనుకు చల్ల ప్లగ్గు కావాలి,” అన్నాడు.

నిప్పు పుట్టించే వస్తువుకు వేడి ఏమిటి, చల్లదనం ఏమిటి అని మీకు నవ్వు రావచ్చు. అందులో ఒక మంచి శాస్త్రం ఉంది.

పెట్రోలు కాలేటప్పుడు మంట వేడి 2,000 డిగ్రీల సెంటిగ్రేడుకు పైమాటే. ఆ మంటలో ప్లగ్గు మొన ప్రతి క్షణం స్నానం చేస్తుంటుంది. ఆ వేడి మొననుంచి పింగాణీలోకి, పింగాణీనుంచి ఇనప ఒంటిలోకి, అక్కడినుంచి మరల గుండా ఇంజనులోకి పోయి చల్లారాలి. లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి పోవలసిన దారి పొడుగు. అందుచేత మొన వేడిగా ఉంటుంది. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే దారి దగ్గర, వేడి త్వరగా దిగిపోతుంది. అది చల్ల ప్లగ్గు.

మొన ఎంత వేడిగా ఉండాలి? దీనికి రెండు గట్లున్నాయి. సుమారు 450 డిగ్రీలకన్నా తక్కువైతే మొన మీద పడిన మసి కాలిపోదు. మసి విద్యుత్తును పోనిస్తుంది. అందుచేత విద్యుత్తు సందు దూకే శ్రమ మాని, మసి మీదుగా దొంగదారిన జారిపోతుంది. సుమారు 850 డిగ్రీలు దాటితే మొన కొరివిలా ఎర్రబడి, రవ్వ పుట్టకముందే పెట్రోలును అంటిస్తుంది. పిస్టను ఇంకా పైకి వస్తూండగానే పేలుడు జరుగుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. పిస్టన్లు చేసేది అల్యూమినియం మిశ్రమంతోనే. అటువంటి పేలుళ్ళు సాగితే పిస్టనుకు చిల్లి పడటానికి ఎంతోసేపు పట్టదు. టర్బో ఇంజనులో గాలీ ఎక్కువ, పెట్రోలూ ఎక్కువ, వేడీ ఎక్కువ. అందుకని టర్బో కార్లకు సాధారణంగా ఒకటి రెండు మెట్లు చల్లని ప్లగ్గు పెడతారు.

ఆయన విప్పిన ప్లగ్గుల పింగాణీ తెల్లగా సున్నం కొట్టినట్టుంది. అది మితిమీరిన వేడికి గుర్తు. లేత గోధుమ రంగో, బూడిద రంగో ఉంటే ప్లగ్గు ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడిగా నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్టో, ప్లగ్గు మరీ చల్లనిదయినట్టో అనుకోవాలి. నల్లగా, జిడ్డుగా ఉంటే నూనె లోపలికి చేరుతున్నట్టు. వైద్యుడు నాలుక చూసి రోగం చెప్పినట్టు, మంచి మెకానిక్కు ప్లగ్గు ముక్కు చూసి ఇంజను ఆరోగ్యం చెబుతాడు.

“కుదుపు ఒక్కటే కదా అని ఊరుకుంటే ఏమయ్యేది?” అని మా మనవరాలు అడిగింది.

“రెండు నష్టాలమ్మా. ఒకటి, కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి అక్కడ కాలుతుంది. పొగను శుభ్రం చేసే పరికరం ఆ గొట్టంలోనే ఉంటుంది. అది మాడిపోతుంది. దీపం కొట్టుకునేది అందుకే. అట్లా దీపం కొట్టుకుంటే యాక్సిలరేటరు తగ్గించి, మెల్లిగా బండి ఆపి, చూపించుకోవాలి. రెండు, ఏదో ఒకరోజు పిస్టను పోయేది. అప్పుడు డెబ్భై వేలు కాదు, ఇంజను ఖరీదు,” అన్నాడాయన.

ప్లగ్గు ఎన్నుకోవటంలో తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ప్లగ్గు మీద ముద్రించిన అంకెల్లో ఒకటి దాని వేడి మెట్టును చెబుతుంది. అయితే ఈ అంకెలకు లోకమంతటికీ ఒకటే భాష లేదు. జపాను కంపెనీలైన ఎన్.జి.కె., డెన్సోల ప్లగ్గుల్లో అంకె పెరిగిన కొద్దీ ప్లగ్గు చల్లనిది. బాష్, ఛాంపియను ప్లగ్గుల్లో అంకె పెరిగిన కొద్దీ వేడిది! ఒక కంపెనీ అంకె చూసి ఇంకో కంపెనీ ప్లగ్గు కొంటే పని పూర్తిగా తలకిందులవుతుంది. అందుచేత కారు పుస్తకంలో రాసిన ప్లగ్గునే కొనాలి. అది దొరకకపోతే, ప్లగ్గు కంపెనీ వారి పట్టికలో ఆ కారుకూ, ఆ ఇంజనుకూ ఎదురుగా రాసినదాన్ని చూసుకోవాలి. కారు పేరు ఒకటే అయితే చాలదు. ఒకే పేరుతో టర్బో ఉన్నదీ, లేనిదీ రెండూ అమ్ముతారు. “చల్లనిది మంచిదంటున్నారు గదా, ఇంకా చల్లనిది వేద్దాం” అనుకోవటం కూడా తగదు. రోజూ బజారుదాకా వెళ్ళి వచ్చే కారులో మరీ చల్లని ప్లగ్గు మసి పట్టి ఊరుకుంటుంది.

ఇక లోహం మాట. మామూలు ప్లగ్గు మొన నికెలు మిశ్రమంతో చేస్తారు. లోపల వేడిని త్వరగా దించటానికి రాగి కాడ ఉంటుంది. నికెలు 1,455 డిగ్రీలకు కరుగుతుంది. ప్లాటినం 1,768 డిగ్రీలకు కరుగుతుంది. ఇరిడియం కరగటానికి 2,446 డిగ్రీలు కావాలి. ఈ ఇరిడియాన్ని ఇంగ్లండులో స్మిత్‌సన్ టెనెంట్ 1803లో కనిపెట్టాడు. అంత గట్టి లోహం గనక మొనను సూదిలా సన్నగా చేసినా త్వరగా అరగదు. మొన సన్ననిదయితే విద్యుత్తు బలం అక్కడ కూడుకుని, రవ్వ తక్కువ వోల్టులకే దూకుతుంది. టర్బో కారుకు కావలసినది కూడా అదే. ఒక్కొక్క రవ్వా మొననుంచి కంటికి కనిపించనంత లోహాన్ని ఎత్తుకుపోతుంది. మనం మొదట వేసిన లెక్క జ్ఞాపకం ఉన్నది గదా? 4 కోట్ల సార్లు ఎత్తుకుపోతే సందు పెరగక ఏం చేస్తుంది? అందుకే ఎంత మంచి ప్లగ్గయినా పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చాలి.

మా చిన్నతనంలో అంబాసిడరు కారు డ్రైవర్లు ప్లగ్గులు విప్పి, మొనను గరుకు కాగితంతో రుద్ది, రేకుతో సందు సరిచేసి మళ్ళీ బిగించేవారు. నికెలు ప్లగ్గులకు అది చెల్లింది. ఇరిడియం మొన జుట్టు పిన్నుకన్నా సన్ననిది. దాన్ని రుద్దినా, దాని మీద రేకు ఆనించి వంచినా విరిగిపోతుంది. సందు సరిచెయ్యవలసి వస్తే కొక్కేన్ని మాత్రమే, మొనకు ఏమీ తగలకుండా, జాగ్రత్తగా కదపాలి.

ఆ పెద్దాయన కొత్త ప్లగ్గులు బిగించిన తీరు చూడముచ్చటగా ఉన్నది. ఆయన ముందు కారు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. కాయిళ్ళు పైకి లాగి, ప్లగ్గు గుంటల్లోకి గట్టిగా గాలి ఊదాడు. అట్లా ఊదకపోతే ప్లగ్గు విప్పగానే అక్కడి ఇసుకా, దుమ్మూ సిలిండరులో పడతాయి. పాత ప్లగ్గులను ఏ సిలిండరుది ఆ సిలిండరు వరసలో బల్ల మీద పెట్టాడు. కొత్తవాటి సందు ఒక్కొక్కటే కొలిచాడు. పెట్టెలోనుంచి తీసినవే గదా అని నమ్మలేదు. వాటిలో ఒకటి మా మేనల్లుడి చేతిలోనుంచి జారి సిమెంటు నేల మీద పడింది. పైకి ఏ దెబ్బా కనిపించలేదు. అయినా ఆయన దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తెప్పించాడు. పింగాణీలో వెంట్రుకవాసి పగులు ఉన్నా రవ్వ ఆ దారినే పోతుంది.

ప్లగ్గు కొసకు ఒక రబ్బరు గొట్టం ముక్క తగిలించి, వేళ్ళతో మెల్లిగా మరలు ఎక్కించాడు. “స్పానరుతో మొదలుపెడితే మర అడ్డంగా ఎక్కినా మనకు తెలియదు. ఇంజను తల అల్యూమినియం. మర చెడితే తల చెడినట్టే. రబ్బరయితే, మర అడ్డం పడగానే తనే జారిపోతుంది,” అన్నాడు. వేళ్ళతో చివరిదాకా బిగిసిన తరవాత, బిగువు కొలిచే స్పానరుతో పుస్తకంలో చెప్పినంత మాత్రమే తిప్పాడు. అటువంటి స్పానరు లేనివారు, వాషరున్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గయితే, చేతి బిగువు తరవాత సుమారు అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు తిప్పుతారు. వదులుగా ఉంటే ప్లగ్గు వేడి ఇంజనులోకి దిగదు. మరీ బిగిస్తే మర తెగుతుంది. మరలకు నూనె రాయలేదేమని నేను అడిగాను. నూనె రాస్తే మర జారుడై, స్పానరు చూపే బిగువుకన్నా ఎక్కువ బిగుస్తుందట. కొత్త ప్లగ్గుల మరలకు తుప్పు పట్టకుండా పూత ముందే ఉంటుంది.

అంతా కలిపి గంటసేపు పట్టింది. అయిన ఖర్చు టర్బోకు చెప్పిన డబ్బులో పదోవంతు కూడా లేదు.

ఆ మధ్యాహ్నం శృంగవరపుకోటనుంచి నలుగురం ఎక్కి ఘాటుకు వెళ్ళాం. మా మనవరాలు వెనక సీటులో నోటుబుక్కు తెరిచి పెట్టుకు కూర్చున్నది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. మొదటి మలుపులో మా మేనల్లుడు భయం భయంగా తొక్కాడు. కుదుపు రాలేదు. రెండో మలుపులో గట్టిగా తొక్కాడు. రాలేదు. అనంతగిరి కాఫీ తోటలు వచ్చేసరికి వాడు పాట అందుకున్నాడు. మనవరాలు మటుకు ప్రతి మలుపుకూ “లేదు” అని రాస్తూనే ఉంది. పైకి చేరేసరికి దాని నోటుబుక్కులో రెండు పుటలు నిండా “లేదు, లేదు” అనే ఉన్నది. మా మేనల్లుడు కారు అమ్మలేదు. పిల్ల బడి మారలేదు.

పిల్లలూ, మీరు కారు ఇంజను మీద చెయ్యి వెయ్యకండి. అందులో వేల వోల్టులుంటాయి. అది పెద్దలు, పని తెలిసినవారు చెయ్యవలసిన పని. కాని మీరు చెయ్యగలిగిన పనులు రెండున్నాయి. మీ ఇంట్లో స్కూటరో, కారో ఉంటే దానితో వచ్చిన పుస్తకం తెరిచి, అందులో ప్లగ్గు పేరు, సందు ఎంత రాశారో వెతకండి. తరవాత మీ వీధి మెకానిక్కును అడిగి, పారవేసే పాత ప్లగ్గు ఒకటి తెచ్చుకోండి. దాని ముక్కు ఏ రంగులో ఉన్నది? మొన అంచులు పదునుగా ఉన్నాయా, గుండ్రంగా అరిగాయా? చూసినదంతా ఒక కాగితం మీద రాసి, ఆ ఇంజను ఎట్లా బతికిందో మీరే చెప్పటానికి ప్రయత్నించండి.